అమ్మ మరిచిపోయే మొక్కలు

దలాత్,
3 అక్టోబరు 1993

మరదలు దియెప్‌కి,

మీ వదిన మియెన్ రాస్తున్నది. ఇక్కడ వానలు తగ్గలేదు, మీ అన్నయ్య ఖాంగ్ దగ్గూ తగ్గలేదు, మిగతాదంతా బాగానే ఉంది. మీ అత్తగారు కాలు విరగ్గొట్టుకుని మంచం మీద నుంచే ఇంటిని ఏలుతున్నారని రాశావు. ఏలనీ. మంచం దిగాక మాత్రం మానేస్తారా ఏమిటి?

ఫాన్ థియెట్ బస్సు డ్రైవరు చేత ఒక పొట్లం పంపాను. పైన ఉన్నవి ఎండు ఆర్టిచోక్ పువ్వులు, ఆవిడకి టీ కాచి ఇవ్వు. కింద చిన్న గుడ్డమూట ఉంది చూడు, అది నీకు. అత్తయ్య లెట్యూస్ విత్తనం, మీ అమ్మది.

అత్తయ్య పోయినప్పటినుంచీ ఆ విత్తనం నేనే తీస్తున్నాను, నేనే చల్లుతున్నాను. ఏం చేస్తున్నానో తెలియదు కానీ ఏటికేడు మొక్క తీరు మారిపోతోంది. ఆవిడ రోజుల్లో ఒక్కో మొక్క రెండు చేతులకూ చాలనంతగా ముడుచుకునేది, ఆకు వెన్నలా ఉండేది. ఇప్పుడు అరచేయంత అవగానే కాడ లేపి పూతకు వెళ్ళిపోతోంది. ఆకు చేదు. కిందటేడు అత్తయ్య తద్దినానికి మీ బాబాయ్, మా చిన్నమామయ్య, ఒక ఆకు నమిలి, మిగతాది పళ్ళెం అంచున పెట్టి, మా వదిన చేతి చలవ వేరులే అన్నారు. గదిలో అందరూ విన్నారు. మీ అన్నయ్య సూప్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఈ గొడవంతా ఎందుకు, డబ్బా విత్తనం కొందాం అంటాడు మీ అన్నయ్య. నాకు మనసొప్పడం లేదు. ఆఖరి రోజుల్లో అత్తయ్య నాకు అప్పగించినవి రెండే, పోయిన పెద్దలను కొలిచే బల్లా, ఈ విత్తనం. నేను లేకపోతే బల్ల మీద అగరొత్తులు ఇంకెవరైనా వెలిగిస్తారు. ఈ విత్తనం నా చేతిలో పోతే మాత్రం ఇంకెక్కడా దొరకదు. అందుకే సగం నీకు పంపాను. ఆవిడ కడుపున పుట్టినదానివి, ఆ చలవ నీ చేతికైనా వచ్చి ఉంటుంది.

ఎండ వచ్చింది. పోయేలోపు బట్టలు ఆరేసుకోవాలి.

నీ వదిన
మియెన్


ఫాన్ థియెట్,
14 నవంబరు 1993

వదినా,

ఆర్టిచోక్ టీ మా అత్తగారికి తెగ నచ్చింది. గడ్డి కషాయం అని తిడుతూనే రోజూ అడిగి తాగుతోంది. కాలు అతుక్కుంటోందని వైద్యుడు అన్నాడు. నోటికి ఏ దెబ్బా తగల్లేదని నేను అన్నాను.

ఇక విత్తనం సంగతి. మా పెరట్లో నేలంతా ఇసుకే కదా, అందుకని గొప్ప ఉపాయం వేశాను. చేప సాస్ ఇప్పుడు సీసాల్లోనే అమ్ముతున్నాం, మామగారి కాలం నాటి మట్టికుండలు గోడ పక్కన గుట్టగా పడి ఉన్నాయి. వాటి అడుగున బెజ్జాలు కొట్టి, ఎర్రమట్టీ పేడా నింపి, నీ విత్తనం చల్లాను. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. మా ఆయన తువోంగ్ రోజూ వచ్చి, పంట కోతకొచ్చిందా అని అడిగి పోయేవాడు. వదినా, ఒక్కటంటే ఒక్క మొలక రాలేదు.

ఏం చేశావే తల్లీ ఆ విత్తనాన్ని? ఎండబెట్టావా, వేయించావా? అమ్మది చలవ చెయ్యి అయితే నీది కుంపటి చెయ్యి అయినట్టుంది. నువ్వు ముట్టుకుంటేనే విత్తనం ఉడికిపోతోంది.

అయినా అమ్మకి చెయ్యి ఒక్కటే చల్లన, బుర్ర మాత్రం చిల్లుకుండ. గుర్తుందా? తాతయ్య తద్దినానికి తోటంతా కోసుకొచ్చేది, అన్నిటికన్నా మంచి మొక్కలు మాత్రం మడి చివర మరిచిపోయేది. బామ్మ కళ్ళెర్రజేసి, పెద్దలకు పెట్టాల్సినవి అక్కడ ఎందుకున్నాయని అడిగితే, అయ్యో నా మతిమండా అని నెత్తి కొట్టుకునేది. మళ్ళీ ఏడు మళ్ళీ అదే కథ. అవి కాస్తా పూతకు లేచిపోయేవి. బాబాయ్ అయితే మతిమరుపు వదిన అనే పిలిచేవాడు.

ఈసారి తద్దినానికి నేను రాలేను, అత్తగారిని వదిలి కదిలే వీలు లేదు. నా తరఫున కూడా నువ్వే అమ్మకు దండం పెట్టు. తోటలో ఉన్నవాటిలో మంచి ఆకు చూసి ఆవిడ పళ్ళెంలో పెట్టు. డ్రైవరు చేత సాస్ సీసాలు పంపాను, మొదటిసారి తీసిన సాస్. అన్నయ్య అన్నంలో ఒంపేసుకుంటాడు, దాచి పెట్టుకో.

నీ ఆడబిడ్డ
దియెప్


దలాత్,
28 నవంబరు 1993

దియెప్‌కి,

సాస్ సీసాలు అందాయి. ఒకటి దారిలో పగిలింది. డ్రైవరు పాపం బస్సంతా రెండుసార్లు కడిగించాడట.

నేను విత్తనం వేయించలేదు. అదే మూటలోది ఇక్కడ చల్లితే మొలిచింది. కుంపటి చెయ్యి అన్న మాట మీ అన్నయ్యకి చదివి వినిపించలేదు, నవ్వుతాడని. నవ్వులాటకే అన్నావని నాకూ తెలుసు. కానీ ఆ మాట ఈ ఊళ్ళో నవ్వకుండానే అంటున్నారు.

ఈ ఏడు మడిలో నాలుగైదు మొక్కలు మాత్రం పాత రోజుల్లోలా ముడుచుకుంటున్నాయి. తద్దినానికి పరువు దక్కిందని మీ అన్నయ్య మురిసిపోతున్నాడు. నేను మాత్రం అత్తయ్య మతిమరుపు గురించి నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను.

ఇంకేం విశేషాలు లేవు.

మియెన్


ఫాన్ థియెట్,
30 డిసెంబరు 1993

వదినా,

బాబాయ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బాబాయ్ ఉత్తరం రాయడమే ఒక వింత, దాంట్లో రాసింది ఇంకా వింత. మంచి మొక్కలు మడిలో ఎర్రదారాలు కట్టుకుని నిలబడి ఉన్నాయట, అమ్మ పళ్ళెంలో మాత్రం బజారు నుంచి తెచ్చిన లెట్యూస్ పెట్టావట. అందరూ చూశారట. అన్నయ్య తల ఎత్తలేదట.

మంచి ఆకు చూసి పెట్టమని నేను అంత స్పష్టంగా రాశాను. నా మాట మీద కోపం వస్తే నన్ను తిట్టు, పడతాను, ఆ కుంపటి మాట నోరు జారి అన్నదే. కానీ ఆ కోపం అమ్మ పళ్ళెంలో చూపిస్తావా? ఆవిడ పండించిన ఆకు, ఆవిడ తోట, ఏడాదికి ఒక్కపూట ఆవిడ కోసం వేసే విస్తరి. దాంట్లో ఊళ్ళో ఎవరో పండించి అమ్మింది పెడతావా? నాకు కడుపు మండిపోయింది వదినా. నేనక్కడ ఉంటే ఆ మొక్కలు నేనే పీకి తెచ్చి పెట్టేదాన్ని.

దారాలు దేనికో చెప్పు. అమ్ముకోవడానికా?

దియెప్


దలాత్,
9 జనవరి 1994

దియెప్,

నువ్వు ఇక్కడ లేకపోవడమే మంచిదయింది. ఆ మొక్కలు పీకేసి ఉంటే మీ అమ్మ విత్తనం ఆ పూటతో సరి. అరవకుండా చదువు.

నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను, ఉంది. కానీ దాన్ని తీర్చుకోవడానికి అత్తయ్య పళ్ళెం దాకా పోను. నీ సాస్ నీళ్ళలా ఉందని రాసి ఊరుకునేదాన్ని.

నువ్వు రాసిన మతిమరుపు కథ చదివి వెళ్ళి మడి గట్టున కూర్చున్నాను. ఒక మనిషి ప్రతి ఏడూ మరిచిపోవచ్చు. కానీ ప్రతి ఏడూ సరిగ్గా అన్నిటికన్నా మంచివాటినే ఎలా మరిచిపోతుంది? అత్తయ్య పంచదార డబ్బా ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది కాదు, ఎవరు ఏ పెళ్ళిలో ఏం మాట అన్నారో మరిచిపోయేది కాదు. నా పుట్టింటివాళ్ళు మొదటిసారి ఏం తెచ్చారో చివరిదాకా గుర్తుంది.

అప్పుడు తెలిసింది నేను చేస్తున్నదేమిటో. నాకు మరుపు లేదు కదా, మంచివన్నీ ఏరి కోసి పెద్దల బల్ల మీద పెడుతున్నాను. కోయగా మిగిలినవి ఏవి? ఎవరూ ముట్టనివి, చేదువి, తొందరపడి కాడ లేపినవి. విత్తనం కట్టేది అవే. దాన్నే నేను జాగ్రత్తగా దులిపి మూటగట్టి, మళ్ళీ చల్లి, మళ్ళీ మంచివి కోసి బల్ల మీద పెడుతున్నాను. తొందరపాటు మొక్కలకు తొందరపాటు పిల్లలు కాక ఇంకేం పుడతాయి? అత్తయ్య విత్తనాన్ని నా భక్తితో నేనే చెడగొట్టుకున్నాను.

అత్తయ్య మరిచిపోలేదు దియెప్. మంచివి విత్తనానికి వదిలేద్దామని మీ బామ్మతో అంటే, పెద్దలకు పెట్టకుండా దాచుకుందన్న మాట వచ్చేది. ఆ మాట పడేకంటే మతిలేనిది అనిపించుకోవడం తేలిక. జన్మంతా అనిపించుకుంది, నవ్వుతూ. నాకెందుకు చెప్పలేదా అని మొదట బాధేసింది. చెబితే నేను మీ అన్నయ్యకి చెబుతానని అనుకుని ఉంటుంది. చెప్పేదాన్నే.

అందుకని ఈసారి నేను కూడా మరిచిపోయాను. చిన్నమామయ్య పళ్ళెం చూసి, తోటలోకి వెళ్ళి చూసి వచ్చి, అందరి ముందూ నిలదీశారు.

"మడి చివర బంగారంలాంటి మొక్కలు పెట్టుకుని మా వదినకి బజారు ఆకు పెడతావా?"

"అయ్యో, మరిచిపోయాను మామయ్యా."

"దారం కట్టి మరీ మరిచిపోయావా?"

"దారం కట్టిన సంగతి కూడా మరిచిపోయాను."

అత్తయ్యకు వచ్చినంత బాగా నాకు రాలేదు, ఒప్పుకుంటాను. ఆవిడ దారం కట్టేది కాదు. తీరా ఆ రోజు హడావుడిలో ఎవరైనా కోసేస్తారేమోనని భయపడి కట్టాను. బల్ల ముందు దండం పెట్టుకున్నప్పుడు, మీరు చేసిందే నేనూ చేస్తున్నాను, కోపమొస్తే కలలోకి వచ్చి తిట్టండి అని చెప్పుకున్నాను. ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు నా భయం వేరు. ఈ మొక్కలు కాడ లేచి, పూసి, విత్తనం పండేసరికి ఏప్రిల్ నెలాఖరు అవుతుంది. తొందరపాటువైతే ముందే అయిపోయేవి, ఇవి నింపాదిగా కదులుతున్నాయి. ఈలోపు వాన పడితే పూగుత్తులు కుళ్ళిపోతాయి. అవి పోతే నా దగ్గర మిగిలేది ఆ చేదు విత్తనమే. అప్పుడు చిన్నమామయ్య అన్నదే నిజమైపోతుంది.

ఈ ఉత్తరం మాత్రం ఎవరికీ చూపించకు. ముఖ్యంగా బాబాయ్‌కి.

మియెన్ వదిన


ఫాన్ థియెట్,
20 ఫిబ్రవరి 1994

వదినా, మా వదినా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అమ్మ బామ్మ ముందు నిలబడి నెత్తి కొట్టుకుంటుంటే మేమందరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆవిడ కూడా నవ్వేది. మమ్మల్ని చూసి నవ్వుతోందని నేను ఇన్నేళ్ళకు తెలుసుకున్నాను. కోపంలో రాసిన ఉత్తరం చింపి పొయ్యిలో వెయ్యి. అమ్ముకోవడానికా అన్న ముక్క ముందు వెయ్యి.

ఇంకొకటి కూడా చెప్పాలి, నవ్వకు. కొత్త సంవత్సరం టెట్ పండగకి ఇల్లు సర్దుతూ ఆ కుండలు పక్కకు జరుపుతుంటే మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంది. ఇదేదో బూజు అనుకున్నాను. మా అత్తగారు కర్ర పట్టుకుని అప్పుడప్పుడే నాలుగడుగులు వేస్తోంది. వచ్చి చూసి, వేలితో అద్ది నాలుక మీద పెట్టుకోమంది. పెట్టుకున్నాను. ఉప్పు.

"మీ మామగారి పెళ్ళినాటి నుంచి చేప సాస్ తాగిన కుండలే అవి. వాటిలో వేస్తే విత్తనం మొలుస్తుందటే, ఊరుతుంది గాని," అంది.

చేప సాస్ ఇంటి కోడల్ని, ఆ మాత్రం తెలియలేదు. వీధి వీధంతా నవ్వింది. తువోంగ్ అయితే అన్నం తినేటప్పుడల్లా లెట్యూస్ ఊరగాయ వడ్డించమంటున్నాడు. కాబట్టి కుంపటి చెయ్యి మాట వెనక్కి తీసుకున్నాను. నాదే ఉప్పు చెయ్యి.

మిగిలిన కాస్త విత్తనాన్ని ప్లాస్టిక్ బకెట్లో చల్లాను, శుభ్రంగా మొలిచింది. కానీ నువ్వు చెప్పినట్టే అవి తొందరపాటు పిల్లలు, అరచేయంతై కాడ లేపేశాయి. పీకి కోళ్ళకు వేశాను. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదంతా నీ దారాల మొక్కల మీదే. రోజూ పొద్దున లేచి కొండల వైపు మబ్బులున్నాయేమో చూస్తున్నాను. వాటికీ మీ ఊరికీ ఎంత దూరమో తెలియదు, అయినా చూస్తున్నాను.

దియెప్


దలాత్,
29 ఏప్రిల్ 1994

దియెప్,

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నువ్వు చివరికి దూకి చదువుతావు. విత్తనం దక్కింది.

మొక్కలు నా భుజం దాకా పెరిగాయి. పసుప్పచ్చ పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకునేవి. నెలాఖరుకు పండుతాయి కదా అనుకుంటుంటే పోయిన వారమే ఉరుములు మొదలయ్యాయి. కోసేద్దామంటే ఇంకా పచ్చిగుత్తులు. నేను గట్టున నిలబడి ఆకాశాన్ని తిడుతుంటే మీ అన్నయ్య వచ్చాడు. ఆయనకు నేనేమీ చెప్పలేదు, ఆయనా ఏమీ అడగలేదు. ఇంట్లో ఉన్న తాటాకు టోపీలన్నీ తెచ్చి, వెదురు కర్రలు పాతి, ఒక్కో మొక్కకు ఒక్కో టోపీ కట్టాడు. చూడ్డానికి మా తోటలోకి ఎవరో కూలీలు దిగినట్టు ఉంది. చిన్నమామయ్య దారిన పోతూ ఆగి, టోపీలు పెట్టారు సరే, చెప్పులు కూడా కుట్టించండి అన్నారు.

ఆ సాయంత్రమే వాన. గాలికి ఒక టోపీ ఎగిరిపోయింది. మీ అన్నయ్య దగ్గుతూనే తన రెయిన్‌కోటు తీసి ఆ మొక్కకు కప్పి, తాను తడుస్తూ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అరిస్తే, అమ్మ మొక్క కదా అన్నాడు. ఆ మనిషికి కూడా అంత తెలుసని నాకు తెలియదు. పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి వాళ్ళమ్మ పోలిక కనిపించింది.

ఆ ఒక్క మొక్క కుళ్ళిపోయింది. మిగతావి నిలిచాయి. తెల్లటి నూగు బయటికి రాగానే గుత్తులు వంచి గుడ్డసంచిలో దులిపాను, చేటలో పోసి నోటితో ఊది పొట్టు ఎగరగొట్టాను. నా జుట్టంతా నూగే. సగం నీకు పంపుతున్నాను. బకెట్లోనే చల్లు.

మీ అన్నయ్యకి జలుబు చేసింది. గొప్పగా చెప్పుకుంటున్నాడు.

మియెన్ వదిన


ఫాన్ థియెట్,
10 డిసెంబరు 1994

వదినా,

ఈసారి కూడా తద్దినానికి రాలేను, తిట్టకు. మా అత్తగారు బాగా నడుస్తోంది. ఇప్పుడు ఆవిడ వెనకాల నడవడానికి ఒక మనిషి కావాలి.

నా బకెట్లు వచ్చి చూడాలి నువ్వు. ఒక్కో మొక్క బకెట్ అంచులు దాటి ముడుచుకుంది. ఆకు తెంపితే పాలు కారుతున్నాయి, నమిలితే చేదన్నదే లేదు. నిన్న అట్లు పోసి, ఆకుల్లో రొయ్యలు చుట్టి, పక్కింటివాళ్ళని కూడా పిలిచాను. మా అత్తగారు తిన్నంతసేపూ మాట్లాడలేదు. ఆవిడ నోరు అంతసేపు మూసుకుని ఉండటం ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

పక్కింటావిడ వెళ్తూ, ఇది ఏ ఊరి విత్తనం, ఎవరిది అని అడిగింది. ఇదివరకైతే మా అమ్మది అనేదాన్ని. నిన్న అలా అనబుద్ధి కాలేదు. ఇది మా వదిన లెట్యూస్, దలాత్‌లో మా వదిన మియెన్ చేతి విత్తనం అని చెప్పాను. అమ్మ విన్నా అవుననే అంటుంది. ఇక నుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

రెండు మొక్కలు మిగతావాటికన్నా బాగున్నాయి. వాటిని ఇంకా కొయ్యలేదు.

నీ దియెప్


దలాత్,
27 డిసెంబరు 1994

దియెప్,

నీ ఉత్తరం తద్దినానికి ముందురోజు అందింది. ఒకసారి చదివాను. తర్వాత మడతపెట్టి జేబులో వేసుకున్నాను.

ఈసారి అత్తయ్య పళ్ళెంలో మన తోట ఆకే పెట్టాను. అన్నిటికన్నా మంచివి కాదు, వాటి తర్వాతివి. కానీ వాటి తర్వాతివి కూడా కిందటేటి మంచివాటిలా ఉన్నాయి. అగరొత్తులు కాలిపోయాక అందరూ భోజనానికి కూర్చున్నారు. చిన్నమామయ్య ఆకు మీద ఆకు తింటున్నారు.

నేను జేబులోంచి ఉత్తరం తీసి, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడటం లేదు, దియెప్ ఏం రాసిందో కాస్త పైకి చదవండి అని మీ అన్నయ్యకి ఇచ్చాను. ఆయన గట్టిగా చదివాడు. పక్కింటావిడ అడిగిన చోటికి వచ్చాక ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాడు. నేను చేపల పులుసు వడ్డిస్తున్నాను.

భోజనాలయ్యాక చిన్నమామయ్య చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. మీ అన్నయ్య పక్కనే ఉన్నాడు, ఆయన్ని అడగలేదు.

"అమ్మాయ్, విత్తనం తీసినప్పుడు నాక్కూడా చిటికెడు ఇస్తావా?" అన్నారు.

ఇస్తాను మామయ్యా అన్నాను. ఆయన వెళ్ళిపోయాక వంటింట్లోకి వచ్చి కాసేపు ఏడ్చాను, తర్వాత గిన్నెలు కడుక్కున్నాను.

నీ వదిన
మియెన్